నాలుగో లెక్క

మార్చి 4, సోమవారం

ఈ నోటుపుస్తకం ఎవరికీ చూపించను. చూపించనప్పుడు అబద్ధం రాయాల్సిన అవసరమూ ఉండదు.

ఈరోజు మేడమ్ నా చేతికి లెక్కపుల్ల ఇచ్చారు. తొమ్మిదేళ్లుగా అది నా వీపు వెనకే ఉంది. ఎదురుగా పెట్టుకుని చూడటం మాత్రం ఇదే మొదటిసారి. మూరెడు పొడవు, చిటికెన వేలంత లావు. కొస దగ్గర నునుపు తేలి మెరుస్తోంది. ఆ మెరుపులో నా భుజం వాటా కూడా ఉందనుకుంటే కొంచెం గర్వంగా అనిపించింది.

మేడమ్ పియానో నేర్పే పద్ధతి వేరు. పిల్ల వాయిస్తుంటే నేర్పేవాళ్లు వెనక నిలబడి, కుడి భుజం మీద పుల్లతో లెక్క వేయాలి. కాగితం మీద రెండు నిలువు గీతల మధ్య ఉన్న గదిని బార్ అంటారు. ప్రతి బార్‌లోనూ మొదటి లెక్క గట్టిగా పడాలి, మిగతావి మెల్లగా. "గోడ గడియారాన్ని చూసి ఎవరూ లెక్క నేర్చుకోలేదు. ఒంటికి తెలియాలి" అంటారు మేడమ్.

నాకు అప్పగించిన పిల్లకి ఎనిమిదేళ్లు. వీధి చివర మాంసం కొట్టాయన కూతురు. సన్నటి మెడ, ఇంతింత కళ్లు, కుర్చీ మీద ఒక్క క్షణం కుదురుండదు. చూడగానే పిచ్చుక అని పేరు పెట్టేశాను. మే ఇరవయ్యో తారీఖున మొదటి మెట్టు పరీక్ష. అది పిచ్చుక పాసైతే పక్కగది నాది. అందులో పియానో నాది, పిల్లలు నావాళ్లు. పదిహేడేళ్లకే టీచర్నవుతాను. తప్పితే పుల్ల తిరిగి ఇచ్చేయాలి.

అప్పగించడం. ఎంత బరువైన మాట! రెండు చేతులూ చాచి అందుకోవాలనిపిస్తుంది.

మార్చి 6, బుధవారం

పాఠం ఒకటి. నోట్లు, వాటి విలువలు.

బోర్డు మీద గీసి చూపించాను. లోపల ఖాళీగా, తోక లేకుండా ఉన్న గుడ్డు హోల్ నోట్. నాలుగు లెక్కలు మోగాలి. దానికి కాడ పెడితే హాఫ్ నోట్, రెండు లెక్కలు. గుడ్డుని నల్లగా నింపితే క్వార్టర్ నోట్, ఒక్క లెక్క. కాడకి జెండా తగిలిస్తే ఎయిత్ నోట్, అర లెక్క.

"అర్థమైందా?"

"ఓ! మేక."

"మేకేంటే?"

"మా నాన్న కొట్టులో అంతేగా అక్కా. ముందు పూర్తి మేక. తర్వాత సగం. తర్వాత పావు. తర్వాత అందులో సగం. ఎన్ని ముక్కలు కొట్టినా మేక మాత్రం అంతే."

నేను ఇంత చక్కగా చెప్పలేను. ఒప్పుకుంటున్నాను.

తర్వాత టైమ్ సిగ్నేచర్ చూపించాను. పైన నాలుగు, కింద నాలుగు.

"ఇది భిన్నమా? మరి మధ్యలో గీత ఏదీ?"

"భిన్నం కాదు. కింద అంకె ఏ ముక్కో చెబుతుంది. నాలుగుంటే పావు ముక్క. పైన అంకె ఒక్కో గదిలో ఎన్ని ముక్కలు పట్టాలో చెబుతుంది."

"అంటే కొక్కేనికి నాలుగు పావులు."

"అదే. మరి పైన మూడు, కింద నాలుగు ఉంటే?"

"కొక్కేనికి మూడు పావులు." కళ్లు చికిలించింది. "నాలుగో పావు ఎవరు తినేశారు?"

"ఎవరూ తినలేదే. ఆ పాటలో మేకే చిన్నది."

నవ్వి నవ్వి కుర్చీ మీంచి జారింది. నేనూ నవ్వాను. ఈ పిల్ల పాసవుతుంది. నాకు తెలుస్తోంది.

మార్చి 8, శుక్రవారం

ఈరోజు మొదటిసారి పుల్ల పట్టుకుని వెనక నిలబడ్డాను.

"అక్కా, ఎందుకు కొడుతున్నావు?"

"కొట్టడం లేదు. లెక్క వేస్తున్నాను."

"మరి ఒకటి దగ్గర ఎందుకు నొప్పి పుడుతోంది?"

"ఒకటి గట్టి లెక్క. అందుకు."

"రెండు, మూడు, నాలుగు బాగున్నాయి. అన్నీ రెండులు వెయ్యవా?"

బతిమాలితే సంగీతం మారదని చెప్పాను. ఈ వాక్యం నాదే. బాగా కుదిరింది.

మార్చి 13, బుధవారం

లోపం దొరికింది. ఒకటి, రెండు, మూడు నిక్కచ్చిగా వాయిస్తుంది. నాలుగు మాత్రం పూర్తిగా ఉంచదు. నిలువు గీత దగ్గరపడగానే ఎవరో తరుముతున్నట్టు అవతలి గదిలోకి దూకేస్తుంది. నా పుల్ల దిగేసరికి దాని ఒకటి అయిపోయి ఉంటుంది.

ఒకటి తనకి సరిగ్గా తెలియడం లేదని అర్థమైంది. ఇంకొంచెం గట్టిగా వేస్తున్నాను.

మార్చి 15, శుక్రవారం

మేడమ్ వచ్చి గుమ్మంలో నిలబడి చూశారు.

"ఏమే, అది చెయ్యా, పూలసజ్జా? పూలు చల్లుతున్నావా పిల్ల మీద?"

"లేదు మేడమ్, గట్టిగానే…"

"లే. నువ్వు కూర్చో. చిన్నదీ, నువ్వు ఆ ముక్కాలిపీట మీద కూర్చుని చూడు."

మూడు బై నాలుగు పాట వాయించమన్నారు. రెండు పేజీలు, నలభై ఎనిమిది బార్లు. నలభై ఎనిమిది ఒకట్లు. అన్నీ నా భుజం మీద ఒకే చోట, ఒకే గీతగా పడ్డాయి. ఇరవయ్యో బార్ దగ్గర చర్మం చిట్లింది. ముప్పయ్యో బార్‌కి చొక్కా అంటుకుపోయింది. నేను ఆగలేదు. మేడమ్ ఆగలేదు. పిచ్చుక రెండు చేతులతో పీట అంచులు పట్టుకుని కూర్చుంది. దాని చెప్పు ఒకటి జారి కింద పడితే తీసుకోవడానికి కూడా వంగలేదు.

"ఇదీ లెక్కంటే" అన్నారు మేడమ్. ఆయాసపడుతున్నారు.

ఎంత నేర్పు! ఒక్కటి కూడా పక్కకి పోలేదు.

అమ్మ కుట్టుపని చేస్తుంది. ఇంటికి రాగానే, కొత్త చొక్కాకి కొలత తీస్తానని టేపు భుజం మీద వేసి ఆగిపోయింది.

"ఇదేంటే?"

"సంచి పట్టీ ఒరుసుకుంది."

"సంచిలో ఏం మోశావు, రంపమా?"

మందు తెచ్చి రాసింది. రాయాల్సిన దానికన్నా గట్టిగానే అదిమింది.

"మానెయ్యవే. టైపు నేర్చుకో, ఇంకేదైనా నేర్చుకో."

"నీకు తెలీదమ్మా. అది ఒక పద్ధతి."

"రక్తం వచ్చేదాన్ని పద్ధతంటారని నాకు నిజంగానే తెలీదు" అని మెషిన్ దగ్గరకి వెళ్లిపోయింది. ఆ తర్వాత గంటసేపు మెషిన్ ఆపలేదు.

మార్చి 20, బుధవారం

పిచ్చుక చొక్కా కింద భుజం మీద తువ్వాలు మడిచి పెట్టుకుని వచ్చింది. ఒక భుజం ఎత్తుగా, గూని మనిషిలా ఉంది. పుల్ల వేస్తే మెత్తగా దిగింది. చెయ్యి పెట్టి లాగి బయట పడేశాను.

"అది చలికి."

"మార్చిలో చలేంటే?"

"కుడి వైపే చలేస్తోంది."

నవ్వొచ్చింది. కానీ నవ్వలేదు. మేడమ్ పక్కగదిలో వింటుంటారు.

ఇవాళ నా చేతి పనికి ఎన్ని మాటలున్నాయో చూశాను. తట్టాను. తాకించాను. మోపాను. ఆనించాను. వేశాను. మన భాషలో ఎన్ని మెత్తటి మాటలో! కావలసింది వెతుక్కోవచ్చు.

మార్చి 22, శుక్రవారం

ఆ పిల్ల కరిచింది.

నాలుగోసారి కూడా అదే గీత దగ్గర దూకితే, మెడ పక్కన వేశాను. భుజం మీద చోటు లేదు, అంతా కమిలి ఉంది. గిర్రున తిరిగి నా మణికట్టు నోట్లో ఇరికించుకుంది. వదలలేదు. జుట్టు పట్టుకుని వెనక్కి లాగినా వదలలేదు. అప్పుడు ఎడమచెయ్యి వెళ్లి చెంపకి తగిలింది. గట్టిగానే తగిలింది. పిల్ల కుర్చీతో సహా వెనక్కి పడింది. తల పియానో కాలికి కొట్టుకుంది.

పక్కగదిలోంచి మేడమ్: "ఏమిటా చప్పుడు?"

"కుర్చీ మేడమ్."

పిచ్చుక తనంతట తానే లేచి, కుర్చీ నిలబెట్టుకుని, కూర్చుని, మొదటి నుంచి మొదలుపెట్టింది. తెల్లమెట్ల మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు. నా మణికట్టువో, దాని పెదవివో తెలియలేదు. ఆ తర్వాత నాలుగు బార్లు దాదాపు సరిగ్గా వాయించింది.

మార్చి 23, శనివారం

దాదాపు. ఈ మాట నాకు నచ్చదు.

మార్చి 27, బుధవారం

కొత్త ఉపాయం. తప్పు నాలుగు దగ్గరే కదా, అయితే పుల్ల నాలుగు మీదే పడాలి. వేలి కణుపుల మీద. అప్పుడు దాని కోసం ఆగి తీరుతుంది.

ఆగడం లేదు. మూడు వాయించి, చేతులు రెండూ లాక్కుని గుండెకి అదుముకుంటోంది. ఇంతకుముందు నాలుగు పొట్టిగా ఉండేది. ఇప్పుడు అసలు లేదు. నాలుగు బై నాలుగు పాటని మూడు బై నాలుగు చేసి పారేసింది.

"నాలుగో పావు ఏదే? నువ్వే తిన్నావా?" అన్నాను. మొదటి రోజు ఎంత నవ్వింది ఈ మాటకి! ఇవాళ నా ముఖం కూడా చూడలేదు. పుల్లనే చూస్తోంది.

పరీక్షకి యాభై నాలుగు రోజులుంది.

ఏప్రిల్ 1, సోమవారం

పియానోలు సరిచేసే ట్యూనర్ వచ్చాడు. మేడమ్ ఇంట్లో లేరు. తీగలన్నీ బిగించి, చేతులు తుడుచుకుని, "ఏదన్నా వాయించమ్మా, వింటాను" అన్నాడు. నాకు బాగా వచ్చిన పాట వాయించాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"ఈవిడ శిష్యురాలివే, సందేహం లేదు" అన్నాడు.

"ఎలా తెలిసింది?"

"నాలుగోది పొట్టి."

"నాదా?"

"అందరిదీ. ఊళ్లో ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాను. ఇక్కడ నేర్చుకున్నవాళ్ల ఇళ్లు అయిదారున్నాయి. గోడ అవతల నుంచి విన్నా చెప్పేస్తాను. ఒకావిడకి నలభై దాటాయి, పిల్లల తల్లి. ఇప్పటికీ గీత దగ్గరికి రాగానే భుజం చెవిదాకా లేస్తుంది. ఆవిడకే తెలీదు పాపం."

"ఎందుకలా?"

పియానో మీద పెట్టిన లెక్కపుల్ల వైపు ఒకసారి చూశాడు. "ఒకటి మీద దెబ్బ పడుతుందని తెలిశాక నాలుగు దగ్గర ఎవరు నిలబడతారమ్మా? అదేదో తొందరగా అయిపోతే బాగుండనుకోరూ? గట్టిగా కొట్టేకొద్దీ ఇంకా తొందరపడతారు."

"మీ పని తీగలు బిగించడం" అన్నాను.

"అవునమ్మా. తీగలు ఎక్కువ బిగిసుంటే వదులు చేస్తాను. మనుషులకి చెయ్యడం నాకు చేతకాదు."

సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు నవ్వుతూనే వెళ్లాడు. అదే ఎక్కువ మండింది.

ఏప్రిల్ 2, మంగళవారం

ట్యూనర్‌కి చెవి పోయింది. ఇన్నేళ్లు తీగల మోత విన్నాక పోదా మరి.

ఫోన్‌లో టక్ టక్‌మని లెక్క వేసే మెట్రోనోమ్ పెట్టుకుని వాయించాను. మేడమ్ దాన్ని ఇంట్లోకి రానివ్వరు, అందుకే స్కూల్లో పాత పియానో దగ్గర. టక్, టక్, టక్, టక్. మూడు దాకా నేనూ అదీ కలిసే ఉన్నాం. తర్వాతి ఒకటి దగ్గర నేను ముందున్నాను. మళ్లీ వాయించాను. మళ్లీ ముందున్నాను. నెమ్మదిగా పెట్టాను. ఇంకా ముందున్నాను. అరవై సార్లు లెక్కపెట్టి వదిలేశాను. నా భుజం సంగతి చూసుకోలేదు. చూసుకోదలచుకోలేదు.

ఫోన్ కూడా సరైనది కాదు.

ఏప్రిల్ 3, బుధవారం

మూత పడింది.

ఏప్రిల్ 4, గురువారం

పియానో మూత పాతది. మడతబందు వదులైపోయింది. మేడమ్ కూడా అదే అన్నారు. ఆసుపత్రిలో అడిగితే పిచ్చుక కూడా అదే చెప్పిందట. కుడిచెయ్యి, మధ్యవేలు, ఉంగరం వేలు. రెండూ విరిగాయి. ఆరు వారాలు కట్టు ఉండాలట. ఉంగరం వేలు ఇక పూర్తిగా వంగుతుందో లేదో చెప్పలేమన్నాడట డాక్టర్.

పాత వస్తువులతో ఇదే తంటా.

ఏప్రిల్ 5, శుక్రవారం

మూత జారింది. నా చెయ్యి దాని మీద ఉందంతే.

ఏప్రిల్ 6, శనివారం

మూత పాతది.

ఏప్రిల్ 8, సోమవారం

పిచ్చుక వాళ్ల నాన్న మేడమ్ ఇంటికి వచ్చాడు.

తలుపు తీయగానే ఎదురుగా ఆయనే. పెద్ద మనిషి. మోచేతుల దాకా ఎర్రబారిన చేతులు, ఒంటికి సబ్బు వాసన. చంకలో చిన్న చెక్కపెట్టె. తిట్టడానికో కొట్టడానికో వచ్చాడనుకున్నాను.

"ఏం లేదమ్మాయీ" అన్నాడు. "ఆ మూత బాగుచేసి పోదామని వచ్చాను. కొత్త మడతబందులు తెచ్చాను. మా పిల్ల సరే, ఇంకో పిల్లకి ఇలా జరగకూడదు కదా."

పెట్టెలో స్క్రూడ్రైవర్, మరలు, రెండు కొత్త ఇత్తడి మడతబందులు. నేను పక్కకి తప్పుకున్నాను. మేడమ్ గుమ్మంలోకి వచ్చి, "మీకెందుకండీ శ్రమ?" అన్నారు. "శ్రమేముందమ్మా" అని ఆయన మూత ఎత్తాడు.

ఎత్తి వదిలాడు. మూత అక్కడే నిలబడింది.

సగం దించి వదిలాడు. అక్కడే నిలబడింది. ఇంకా కిందికి దించాడు. నిలబడింది. చెక్క బిగుసుకుపోయి, నొక్కితే కిర్రుమంటూ తప్ప కదలడం లేదు. పది సార్లు చూశాడు. మొదటి మూడు సార్లు పనివాడిలా చూశాడు. తర్వాత ముఖం మారుతూ వచ్చింది. స్క్రూడ్రైవర్ పెట్టెలో పెట్టి, పెట్టె మూసేశాడు.

"ఇది పడదు" అన్నాడు.

నా వైపు తిరిగాడు.

"అమ్మాయీ, ఇది తనంతట తాను పడదు."

"లెక్క మీద ధ్యాస లేని పిల్లండీ…" అంటూ మేడమ్ మొదలుపెట్టారు. ఆయన వినలేదు. నా మణికట్టు పట్టుకున్నాడు. పిచ్చుక కరిచిన చోటే. పియానో దగ్గరికి ఈడ్చి, నా కుడి అరచెయ్యి మెట్ల మీద పరిచి, తన ఎడమచేత్తో అదిమాడు. మెట్లన్నీ ఒక్కసారి అరిచాయి. రెండో చేత్తో మూత అంచు పట్టుకున్నాడు. లాగుతున్నాను, చెయ్యి రావడం లేదు. ఎముకలు నరికే చెయ్యి అది. మూత కిర్రుమంటూ దిగి, నా వేళ్లకి జానెడు పైన ఆగింది.

"వద్దండీ" అన్నాను.

"మా పిల్ల కూడా అందా?"

"అంది."

"ఎన్నిసార్లు?"

నా వేళ్ల కింద మెట్లు చిన్నగా టకటకలాడాయి. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. నాకు లెక్క అందలేదు.

అప్పుడు వదిలేశాడు. మూత అక్కడే ఆగిపోయి ఉంది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, తన అరచేతులు తనే చూసుకున్నాడు.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొట్టడమే నా పని తల్లీ. కానీ నా చేతికి వచ్చేసరికి వాటికి ప్రాణం ఉండదు." మేడమ్ వైపు తిరిగాడు. "మీరు పక్కగదిలోనే ఉన్నారటగా అమ్మా?"

"పాఠం మధ్యలో నేను లోపలికి రాను" అన్నారు మేడమ్.

పెట్టె చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 9, మంగళవారం

నేనే వేశాను. రెండు చేతులతో కాదు, ఒక చేత్తో. రెండో చెయ్యి పిచ్చుక చెయ్యి మీద ఉంది.

మూడు కాగానే అది చేతులు లాక్కుంది. దాని భుజం చెవిదాకా లేచింది. అంతకు ముందు రోజు ఫోన్ పక్కన నా భుజం లేచినట్టే లేచింది. లేచిందని నాకు తెలుసు. అద్దంలో చూసుకోలేదు కానీ తెలుసు. ఆ భుజాన్ని చూసి నాకు అసహ్యం వేసింది. "నాలుగు అయ్యేదాకా ఉంచు" అన్నాను. ఉంచలేదు. చెయ్యి పట్టి మెట్ల మీద అదిమాను. "వద్దక్కా" అంది. "ఒకటి" అన్నాను. "వద్దక్కా, ఉంచుతా." "రెండు." "ఉంచుతా అక్కా." "మూడు."

ఎండుపుల్ల విరిగితే అలా వినిపిస్తుంది. అరుపు తర్వాత వచ్చింది.

సరిగ్గా నాలుగు మీద పడింది. నేను వేసిన నాలుగుల్లో పొట్టిగా పడనిది అదొక్కటే.

రాశాను. అమ్మకి చదివి వినిపించాను. అమ్మ కత్తెర కింద పెట్టి, చాలాసేపు నన్ను కాక నా చేతుల్ని చూసింది. "ఈ చేతులతో నువ్వు అన్నం ఎలా తిన్నావే ఈ వారం?" అంది. అంతే అంది.

ఏప్రిల్ 10, బుధవారం

పుల్ల తిరిగి ఇవ్వడానికి వెళ్లాను.

"సోమవారం ఇంకో పిల్ల వస్తోంది. ఏడేళ్లు" అన్నారు మేడమ్. "ఈసారి జాగ్రత్తగా చెయ్యి."

"నేను చెయ్యను మేడమ్. ఆసుపత్రికి వెళ్లి నిజం చెప్పి వచ్చాను. సోమవారం వచ్చే వాళ్లకి కూడా చెబుతాను."

నా చేతిలోంచి పుల్ల లాక్కుని మొదట భుజం మీద, తర్వాత చెవి మీద, తర్వాత ఎక్కడ పడితే అక్కడ వేశారు. లెక్క లేదు. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆవిడ దెబ్బలకి లెక్క లేదు. "అన్నం పెట్టిన చేతిని… తొమ్మిదేళ్లు… నీ బతుక్కి…" అంటున్నారు. కన్ను మీద పడ్డప్పుడు నేను పుల్ల పట్టుకున్నాను. ఇద్దరం గుంజుకున్నాం. పియానో కుర్చీ పడింది. పుస్తకాలు పడ్డాయి. పుల్ల నా చేతికొచ్చింది. ఎత్తాను.

నిజంగానే కొట్టాలని ఎత్తాను. మెత్తటి మాట ఏదీ వెతకను.

దెబ్బ ఇంకా పడలేదు. మేడమ్ కుడి భుజం అప్పటికే చెవిదాకా లేచిపోయింది. కళ్లు గట్టిగా మూసుకున్నారు. పెదవులు లోపలికి పోయాయి. అరవై ఏళ్ల మనిషి ముఖంలోకి ఎనిమిదేళ్ల పిల్ల వచ్చింది.

ఆవిణ్ని ఎవరు కొట్టారో. ఆ పుల్లేనో, ఇంకోటో.

పుల్ల మెట్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. కన్ను వాచి మూసుకుపోయింది. ఒంటికన్నుతో వీధి దాటుతుంటే బండి ఒకటి తగలబోయింది.

ఏప్రిల్ 14, ఆదివారం

కొట్టు దాకా వెళ్లాను. రద్దీగా ఉంది. తిరిగి వచ్చేశాను.

రద్దీ లేదు. ఇద్దరే ఉన్నారు.

ఏప్రిల్ 17, బుధవారం

ఈసారి లోపలికి వెళ్లాను.

మధ్యాహ్నం. గిరాకీ లేదు. పిచ్చుక వాళ్ల నాన్న మొద్దు మీద డొక్క కొడుతున్నాడు. నా కంటిని చూసి మళ్లీ కత్తి ఎత్తాడు. పిచ్చుక గోడ పక్కన ఎత్తు స్టూల్ మీద కూర్చుంది. కుడిచెయ్యి తెల్లటి కట్టుతో, మెడకి వేలాడుతోంది. నన్ను చూడగానే దాని భుజం లేచింది.

అది దించుకునేదాకా నేను గుమ్మం దాటలేదు.

"నేనే వేశాను. మూత పాతది కాదు. నేనే. డాక్టర్‌కి కూడా చెప్పాను" అన్నాను.

"నాకు తెలుసుగా" అంది. "నేను అక్కడే ఉన్నా."

ఇన్ని మాటలు పోగుచేసుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. కత్తి చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"పరీక్ష పోయింది" అంది.

"పోయింది."

"నీ గది?"

"అదీ పోయింది."

తల ఊపింది. లెక్క సరిపోయినట్టు. తర్వాత ఎడమచేత్తో గిరాకీలు సంచులు పెట్టుకునే చెక్కబల్ల చూపించింది.

"అక్కడ కూర్చో. అటు తిరిగి. వాయించు."

"ఇది బల్లే."

"తెలుసు. వాయించు. నేను లెక్క వేస్తా."

వాళ్ల నాన్న కత్తి ఆగింది. ఆయన ఏమంటాడోనని చూశాను. కత్తి కింద పెట్టలేదు.

కూర్చున్నాను. వీపు పిచ్చుక వైపు, ముఖం గోడ వైపు. స్టూల్ దిగిన చప్పుడైంది. చెప్పులు నా వెనక్కి వచ్చి ఆగాయి. ఆ కొట్టులో ఎన్నో ఉన్నాయి. ఎముకలు చితక్కొట్టే సుత్తి ఉంది, కొక్కేలున్నాయి, ఇనుప తూకంరాళ్లున్నాయి. దాని ఎడమచేతిలో ఏముందో నాకు తెలియదు. తల తిప్పబోయాను.

"వెనక్కి చూడకు."

చూడలేదు. బల్ల మీద వేళ్లు ఉంచాను. కొవ్వు పట్టి నున్నగా, చల్లగా ఉంది చెక్క.

"నాలుగు బై నాలుగు" అంది. "ఒకటి."

వేలు వేశాను.

"రెండు."

వేశాను.

"మూడు."

వేశాను. నా కుడి భుజం నాతో చెప్పకుండానే లేచింది. కళ్లు మూసుకుపోయాయి. ఎలాగోలా గీత దాటి అవతల పడాలని నాలుగునీ, దాని వెనక ఒకటినీ కలిపేసి నా వేళ్లు బల్ల మీద దబదబా దూకాయి.

ఏమీ పడలేదు.

కళ్లు తెరిచాను. వెనక దాని ఊపిరి వినిపిస్తోంది. భుజం దించడానికి చూశాను, దిగలేదు.

"అక్కా" అంది. "నాలుగు నేనింకా అననే లేదు."